లేచిన మడమ, రాని దెబ్బ

కొత్తగా బాక్సింగ్ కోచ్‌లుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు కడపలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగేదాకా మర్యాదగా కూర్చుంటారు. గ్లాసు కింద పెట్టగానే అసలు ప్రశ్న బయటికి వస్తుంది.

"సార్, ఓబులేసు గొప్ప బాక్సరా, ఈరన్న గొప్ప బాక్సరా?"

ఇద్దరూ నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఇద్దరూ రాష్ట్ర చాంపియన్లే. ఒకే బరువు, దాదాపు ఒకే ఈడు. ఏదో ఒక పేరు చెప్పి పంపిస్తే సరిపోతుంది. కానీ నేను గొంతు సవరించుకోగానే మా ఆవిడ వంటింట్లోంచి "ఇంక ఆ పిల్లోళ్లు బస్సు అందుకున్నట్టే" అంటుంది. అందుకని ఒకసారి కూర్చుని రాసేస్తే నాకూ వాళ్లకూ మేలనిపించింది.

ముందే చెబుతున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరెవరు శాలువాలు కప్పారు అనేవి ఇందులో ఉండవు. అవి చెప్పుకోవడానికి పెళ్లిళ్లున్నాయి. ఇందులో ఉన్నదంతా భయం. ఈ ఉద్యోగంలో నేను ఎక్కువగా చేసిన పని అదే.

దుప్పటి పాఠం

నేను కర్నూలులో చేరినప్పుడు నా పైన ఒక సీనియర్ కోచ్ ఉండేవాడు. అందరం పెద్దసార్ అనేవాళ్లం. మాట కరుకు, చెయ్యి ఇంకా కరుకు. ఆయన పద్ధతులు సగం నాకు నచ్చేవి కావు. పోటీకి ముందు పిల్లలకు నీళ్లు తాగనివ్వకుండా బరువు తగ్గించేవాడు. ఇప్పుడు మీలో ఎవరైనా ఆ పని చేస్తే మీ మీద ఫిర్యాదు చేసేవాళ్లలో నేనే ముందుంటాను. కానీ ఒక్క పాఠానికి మాత్రం ఆయనకు చచ్చేదాకా రుణపడి ఉంటాను.

రింగు తాడు మీద హాస్టల్ దుప్పటి ఆరేసేవాడు. లోపల ఇద్దరు పిల్లలు స్పారింగ్ చేస్తుంటే బయట కుర్చీలో కూర్చున్న నాకు వాళ్ల మోకాళ్ల కింది భాగం మాత్రమే కనబడేది.

"చెప్పు, ఇప్పుడు ఏ చెయ్యి వచ్చినాది?" అని అడిగేవాడు.

"ఎట్ల తెలుస్తాది సార్, దుప్పటి అడ్డముండాది."

"చేతులు చూసి ఊరంతా చెప్తాది. దానికి నీకు జీతమెందుకు?"

కొన్ని నెలలు తప్పులే చెప్పాను. తర్వాత మెల్లగా తెలియడం మొదలైంది. ముందు పాదం వేళ్లు బిగిస్తే జాబ్, అంటే ముందు చేత్తో వేసే చురుకు దెబ్బ, వస్తుంది. వెనక మడమ లేచి బయటికి తిరిగితే కుడి చెయ్యి వస్తుంది. బరువు మడమల మీదికి పోతే ఆ కుర్రాడు అలిసిపోయాడని అర్థం, ఇంక కొట్టించుకోవడమే. చేతులు ఎదుటివాణ్ని ఎంతైనా మోసం చేస్తాయి గానీ కాళ్లు మోసం చేయాలంటే మనిషి ముందు పడిపోతాడు.

ఆ పాఠం నాకు పనికొచ్చింది, నా మనశ్శాంతి మాత్రం పోయింది. జనానికి దెబ్బ తగిలాక తెలుస్తుంది. నాకు మడమ లేచినప్పుడే తెలుస్తుంది. కార్నర్‌లో తువ్వాలు పట్టుకుని కూర్చుంటే, దెబ్బ కుర్రాడికి తగిలేలోపే నా కడుపులో తగిలేది. ఇన్నేళ్లలో ఒక్క బౌట్ కూడా హాయిగా చూడలేదు. పెళ్లి భోజనాల్లో కూడా నేను గడ్డం దించి, మోచేతులు డొక్కలకు ఆనించి కూర్చుంటానని మా ఆవిడ నవ్వుతుంది. నిజమే, అట్లాగే కూర్చుంటాను.

మడమలో బలమున్నవాడు

ఈరన్నది పడమటి కర్నూలు, ఆలూరు దగ్గర పల్లె. వానలు ఎగ్గొట్టిన ఏడు అక్కడ ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతలకు మూటాముల్లె కట్టుకుని వలస. అమ్మానాన్నలు సుగ్గికి పోతే ఈరన్న కర్నూలు హాస్టల్లో ఉండేవాడు. అట్లా నా దగ్గరికి వచ్చాడు. వాడు నన్ను అడిగిన మొదటి మాట ఇది.

"సార్, ఈడ గెలిస్తే దుడ్లు ఇస్తారా?"

"దుడ్లు ఇయ్యరప్పా. కోడిగుడ్లు ఇస్తారు."

"శానా ఇస్తారా?" అన్నాడు. ఆ రోజే చేర్చుకున్నాను.

వాడి గొప్పతనమంతా కుడి చేతిలో ఉందని పేపర్లు రాసేవి. అది తప్పు. వాడి కుడి మడమలో ఉంది. ఎడమ చేతిని ఏదో బద్ధకంగా ఆడిస్తూ ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో కొలుచుకుంటాడు. ఎదుటివాడికి విసుగు పుట్టి ఒక అడుగు ముందుకు వేస్తాడు. అంతే, కుడి మడమ లేస్తుంది, మోకాలు లోపలికి, నడుము తిరుగుతుంది, కుడి చెయ్యి భుజం మీదుగా కాస్త బయటి నుంచి వచ్చి చెంప పక్కన దిగుతుంది. నడుము తిరిగాక ఆ దెబ్బను ఆపడం ఎవరి వల్లా కాదు. కొట్టేవాడి వల్ల కూడా కాదని పిల్లలకు నేనే చెప్పేవాణ్ని.

లోపాలూ చెప్పాలి. జాబ్ వేసిన ఎడమ చేతిని గడ్డం దగ్గరికి తెచ్చుకోవడం మరిచిపోతాడు. ముందుకూ వెనక్కూ తప్ప పక్కకు జరగడు. ఆ పక్క అడుగు నేర్పాలని ఎంతో తంటాలు పడ్డాను. సున్నంతో గీతలు గీశాను, తాడు కట్టాను, తిట్టాను, బతిమాలాను. రాలేదు.

అక్కడ ఉండకుండా పోయేవాడు

తర్వాత నన్ను కడపకు బదిలీ చేశారు. అక్కడ దొరికాడు ఓబులేసు. ఎర్రగుంట్ల కుర్రాడు. తండ్రి శేషన్న నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్‌లో కూలి.

ఈరన్నకు వెనక కాలు ఎట్లాగో ఓబులేసుకు ముందు కాలు అట్లాగ. ఎడమ పాదం ముందు, ఎడమ చెయ్యి ముందు. ఆ పాదంతో దూరాన్ని తన చేతిలో పెట్టుకునేవాడు. ఎదుటివాడి దెబ్బ బయల్దేరాక చూసి, అది పడాల్సిన చోటు నుంచి వేలెడంత వెనక్కి జరిగి, చేతులు దింపకుండానే జాబ్ పెట్టి వచ్చేవాడు. ఈరన్న దెబ్బకు జనం అరిచేవాళ్లు. ఓబులేసు తప్పించుకున్న దెబ్బకు కోచ్‌లు అరిచేవాళ్లు.

వీడి లోపం ఏమిటంటే దెబ్బ తినడం ఇష్టముండదు. తిన్నాడంటే ఆ రౌండంతా దాని గురించే ఆలోచిస్తాడు. పైగా జనం చప్పట్లు కొడితే ఒక అడుగు ఎక్కువ వేస్తాడు. దెబ్బలో బరువు కూడా తక్కువే.

ఆ ఏడాది రాష్ట్ర పోటీల్లో గెలిచినవాడు జాతీయ పోటీలకు పోతాడు. అక్కడ ఏదో ఒక పతకం తెస్తే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం దాదాపు ఖాయం. రెండిళ్లూ ఆ ఉద్యోగం కోసమే కాచుకుని ఉన్నాయి. ఆ ఎండాకాలం సెలవులకు ఓబులేసు ఇంటికి పోయి వచ్చాడు. వచ్చినవాడు వేరే బాక్సర్‌లా ఉన్నాడు.

కొత్త చొక్కా

ఇప్పుడు వాడి కుడి పాదం ముందుంది. ఎడమచేతివాటం వాళ్లు నిలబడే తీరు. ఎడమ గ్లవ్ కణతకు అంటించినట్టు పెట్టుకుంటున్నాడు. ముఖం కాస్త ఎడమకు తిప్పి చూస్తున్నాడు. రింగులో ఎప్పుడూ కుడి వైపుకే తిరుగుతున్నాడు. అట్లా నిలబడి వరసగా గెలిచాడు కూడా.

మా జిల్లా బాక్సింగ్ సంఘం అధ్యక్షుడు పెద్ద రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, ఇప్పుడు కాంట్రాక్టులు చేస్తాడు. బాక్సింగ్ మీద ప్రేమ నిజమే, పరిజ్ఞానమే తక్కువ. "చూస్తివా, మనోడు రెండు పక్కలా ఆడతాండాడు! యాడ నేర్పించినావప్పా?" అని నా వీపు చరిచాడు. పేపర్లో 'ఓబులేసు కొత్త శైలి' అని ఫొటోతో సహా వచ్చింది.

నాకు మాత్రం ఆ ఫొటో చూస్తే భయమేసింది. కారణం అడిగితే చెప్పలేకపోయేవాణ్ని. కొత్త చొక్కా కొన్నవాడు దాన్ని ఎప్పుడో ఒకప్పుడు విప్పుతాడు కదా. వీడు విప్పడం లేదు. ప్రాక్టీసులో, తాడాటలో, ఊరికే నిలబడి మాట్లాడేటప్పుడు కూడా అదే తీరు. సరదాకైనా ఒక్కసారి పాత ఓబులేసులా నిలబడలేదు.

"ఎందుకప్పా మార్చినావు?" అని అడిగాను.

"అందరికీ పాత ఓబులేసు తెలిసిపోయినాడు కద సార్. అందుకే."

బాగా కుదిరిన జవాబు. అంత బాగా కుదిరినందుకే నాకు ఇంకా భయమేసింది. చెయ్యి నొప్పా, భుజం నొప్పా అని తడిమి చూశాను. ఏమీ లేదు. పోటీల ముందు డాక్టర్ బీపీ చూశాడు, ఎదురుగా వేలు ఆడించాడు, గోడ మీది అక్షరాలు చదివించాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఫైనల్

ఫైనల్ కర్నూలులో జరిగింది. ఓబులేసు కార్నర్‌లో నేను. ఎదుటి కార్నర్‌లో కర్నూలు తరఫున ఈరన్న. పెద్దవాళ్ల పోటీల్లో హెడ్‌గార్డ్ కూడా లేదు. ఎవడు ఎవడిని కొట్టినా ఆ దెబ్బ నేను నేర్పిందే.

రింగెక్కే ముందు ఈరన్న ఇటు వచ్చి నా కాళ్లకు మొక్కాడు. "మీరు ఆ మూల్లో కూర్చుంటే నాకు ఎట్లో ఉండాది సార్."

"నాకూ అట్లే ఉండాదప్పా. పో, జాగ్రత్త."

మొదటి రౌండ్ ఇద్దరూ కొలుచుకోవడంతోనే సరిపోయింది. రెండో రౌండ్‌లో ఓబులేసు వెనక్కి వెనక్కి వచ్చి నా ముందే తాళ్లకు ఆనుకున్నాడు. ఎడమ గ్లవ్ కణత మీది నుంచి జారింది. ఆ పక్కంతా ఖాళీ. ఈరన్నకు అంతకంటే ఏం కావాలి? నేను కళ్లు మూసుకున్నాను. కోచ్‌గా అది చేయకూడని పని. అయినా మూసుకున్నాను.

తెరిచేసరికి ఇద్దరూ నిలబడే ఉన్నారు. జనం ఈలలు వేసి ఈరన్నను ఎగతాళి చేస్తున్నారు. వాడి కోచ్ గొంతు బొంగురు పోయేలా "కుడి! కుడి ఎయ్‌రా!" అని అరుస్తున్నాడు. ఈరన్న ఎడమ చేత్తోనే ఆడాడు. మూడో రౌండ్ కూడా అంతే. ఓబులేసు చక్కగా జాబ్‌లు పెట్టుకుంటూ పాయింట్లు కూడగట్టుకున్నాడు. రెఫరీ వాడి చెయ్యి పైకెత్తాడు.

"ఈరన్న కుడి చెయ్యి పడిపోయింది," "ఓబులేసు వాణ్ని కట్టేశాడు," ఇవీ ఆ రోజు స్టేడియంలో వినిపించిన మాటలు. అధ్యక్షుడు నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. నాకు మాత్రం ఏదో లెక్క కుదరలేదు.

పెళ్లి కార్డు అడ్డం పెట్టి

రెండు మూడు రోజులకు అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "ఇద్దరి ఆటలో మనోడు ఎందుకు మేలో నాలుగు ముక్కలు చెప్పప్పా. పేపరోళ్లు అడుగుతాండారు."

మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో కూర్చుని ఫోన్‌లో ఫైనల్ వీడియో పెట్టాను. ఒకసారి చూశాను. ఏమీ తెలియలేదు. అప్పుడు పెద్దసార్ దుప్పటి గుర్తొచ్చింది. పక్కన ఎవరిదో పెళ్లి కార్డు ఉంటే దాన్ని స్క్రీన్ పైభాగానికి అడ్డం పెట్టి, కాళ్లు మాత్రమే చూశాను.

రెండో రౌండ్. తాళ్ల దగ్గర. ఈరన్న కుడి మడమ లేచింది. బయటికి తిరిగింది. మోకాలు లోపలికి వచ్చింది. అది కుడి దెబ్బ, సందేహం లేదు. నిండు బలంతో వచ్చే దెబ్బ.

కార్డు తీసేసి అదే ముక్క మళ్లీ చూశాను. చెయ్యి భుజం మీదుగా వచ్చింది. ఓబులేసు ఎడమ కణత పక్కకు వచ్చింది. ఆగింది. మేకపిల్ల అడ్డమొస్తే సైకిలు బ్రేకు నొక్కినట్టు ఈరన్న ఒళ్లంతా ఒక్కసారి అదిరింది, ముందుకు తూలాడు. జనం దాన్ని గురి తప్పడం అనుకున్నారు. మూడో రౌండ్‌లో మళ్లీ అదే. మడమ లేచింది, దెబ్బ రాలేదు.

నేను వీడియో ఆపింది దాని వల్ల కాదు. ఓబులేసు ముఖం చూసినందుకు. చెంప దగ్గరికి గ్లవ్ వస్తే కన్ను దానంతటదే మూసుకుంటుంది. ఎంతటి చాంపియన్‌కైనా అంతే. ఓబులేసు రెప్ప వేయలేదు. వాడికి ఆ చెయ్యి కనబడలేదు. ముఖం ఎడమకు తిప్పడం, గ్లవ్ కణతకు అంటించడం, కుడికే తిరగడం, అన్నీ వరసగా అర్థమయ్యాయి. పేపర్లు మెచ్చుకున్న కొత్త శైలి అంతా కనబడని ఒక పక్కను దాచుకోవడానికే.

జాతీయ పోటీలకు ఎన్నో రోజులు లేవు. అక్కడివాళ్లు దెబ్బ ఆపరు.

రెండూ చేయనివాడు

మర్నాడు పొద్దున్నే కర్నూలు బస్సెక్కాను. ఈరన్న స్టేడియం బయట టీ బంకు దగ్గర దొరికాడు. నన్ను చూడగానే నేను ఎందుకొచ్చానో వాడికి తెలిసిపోయింది. తల వంచుకున్నాడు.

"ఎప్పుడు తెలిసినాది నీకు?" అన్నాను.

"పోటీలకు ముందు మమ్మల్ని ఒకే క్యాంపులో పెట్టిరి కద, ఆడ సార్. మెస్సులో వాని ఎడమపక్క కూర్చున్నా. సాంబారు గిన్నె జరిపితే చూడల్యా. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడినాడు. ఇదేందబ్బా అని, మల్లా ఒకసారి మెల్లగా వాని చెవి దాకా చెయ్యి తెచ్చినా. కదల్యా సార్."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"చెప్తే వాని ఉద్యోగం పోతాది. కొడితే వాని కన్ను పోతాది." టీ గ్లాసును అరచేతుల మధ్య తిప్పాడు. "నేనేం చేయల్ల సార్? అందుకే చెప్పల్యా, కొట్టల్యా."

"నీ ఉద్యోగం సంగతి?"

"వచ్చే ఏడు చూస్తాంలే." మళ్లీ వాడే అన్నాడు. "నాకు నిద్ర పడతాల్యా సార్. నేషనల్స్‌లో వాళ్లకేం తెలుస్తాది? మీరే ఏదో ఒకటి చేయండి. నేను చెప్పినట్లు మాత్రం వానికి తెలియనియ్యొద్దు. నేను చెయ్యి ఆపినట్లు అసలే తెలియనియ్యొద్దు."

"ఎందుకప్పా?"

"గెలిచినా అనుకుంటాండాడు సార్. అనుకోనీ."

తెలియనియ్యనని మాట ఇచ్చాను. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి టీ వేడిగా ఉందన్నాను. అప్పటికి నా గ్లాసులో టీ చల్లారిపోయి చాలాసేపైంది.

ఎర్రగుంట్లలో

అక్కడి నుంచి సరాసరి ఎర్రగుంట్ల పోయాను. దారంతా ఒకటే ఆలోచన. నేను పొరబడి ఉంటే? పెళ్లి కార్డు అడ్డం పెట్టి వీడియో చూసి ఒక కుర్రాడి బతుకుదెరువు తీసేస్తున్నానా? పొరబడి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. సిమెంటు లారీల వెనక బస్సు ఆగినప్పుడల్లా దిగి వెనక్కి పోదామనిపించింది.

శేషన్న ఇల్లు నాపరాళ్ల గోడలదే. ముందు ఓబులేసు తల్లి మంచినీళ్లు ఇచ్చింది. నేను కంటి మాట ఎత్తగానే తలుపు వెనక్కి పోయి నిలబడింది. శేషన్న దాచలేదు.

"సెలవులకు వచ్చినప్పుడు లారీకి నాపలు ఎత్తుతాంటే ఒకటి పగిలి పెచ్చు ఎగిరినాది సార్. ఎడమ కంటి పక్కన తగిలినాది. ఊళ్లో పసరు పోస్తారు కదా, పోయించినాం. దిష్టి తీసినాం. ఎరుపంతా పోయినాది. బాగైందనుకున్నాం."

ఎరుపు పోతే కన్ను బాగైనట్టే. ఆ ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. మా ఇంట్లో మా అమ్మా అదే చెప్పేది.

"ఇప్పుడు పక్కనుంచి నల్లగా తెర దిగినట్లుండాది అంటాడు. ఎదురుగా బాగనే కనపడతాది." శేషన్న చేతులు జోడించాడు. "ఉద్యోగం వచ్చేదాకా ఆగు సార్. ఒక్క నెల. ఆ మరుసటి పొద్దే డాక్టరు దగ్గరికి తీస్కపోతా. నీ కాళ్లు పట్టుకుంటా."

నేను మాట్లాడాను. ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. బతిమాలాను, భయపెట్టాను, చివరికి అరిచాను. ఒక్క దెబ్బ చాలు, ఆ కన్ను మొత్తం పోతుంది, తర్వాత ఉద్యోగం ఇచ్చేవాళ్లు కూడా నీ కన్ను చూస్తారు అన్నాను. చుట్టుపక్కల వాళ్లు వాకిళ్లలోకి వచ్చారు. ఓబులేసు అంతసేపూ గడప పక్క బండ మీద తలొంచుకుని కూర్చున్నాడు. నేను ఊపిరి కోసం ఆగాను.

"పోదాం సార్," అన్నాడు.

అంతే. లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆ క్షణంలో నా మాటకు ఇంత బలముందా అని నాకే ఆశ్చర్యమేసింది. ఎన్నో ఏళ్లు ఆ సంగతి కొత్త కోచ్‌లకు గర్వంగా చెప్పుకున్నాను కూడా.

కంటి డాక్టరు చూసి, కంటి వెనక పొర చిరిగి ఊడుతోందని చెప్పారు. ఇంకో గట్టి దెబ్బ తగిలి ఉంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదన్నారు. ఆపరేషన్ చేశారు. మిగిలిన చూపు నిలబడింది. పోయిన పక్క తిరిగి రాలేదు. ఓబులేసు మళ్లీ రింగెక్కలేదు.

కొన్ని మాటలు నిక్కచ్చిగా

అధ్యక్షుడు నా మీద మండిపడ్డాడు. "మెడల్ వచ్చే టైములో ఎవురన్నా కన్ను చూపిస్తారా? నెల ఆగితే నీ సొమ్మేం పోతాది?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆపరేషన్‌కు సాయం చేసింది కూడా ఆయనే. కానీ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మీకూ ఇట్లాంటి పైవాళ్లు తగులుతారు. వాళ్లతో వాదించి గెలవాలనుకోకండి. కుర్రాణ్ని ముందు ఆస్పత్రికి తీసుకుపోండి, వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

ఓబులేసు స్థానంలో ఈరన్న జాతీయ పోటీలకు పోయాడు. కంచు పతకం తెచ్చాడు. కుడి చెయ్యి పడిపోలేదని అందరికీ తెలిసింది. పోలీసు ఉద్యోగం వచ్చింది. ఓబులేసు కొన్నేళ్లు ఏ పనీ సరిగ్గా కుదరక తిరిగాడు. ఆ రోజులు చూడటం నాకు కష్టంగా ఉండేది. నేను తీసిన ఉద్యోగమే కదా అనిపించేది. తర్వాత ఒక సిమెంటు కంపెనీలో గుమాస్తాగా కుదిరాడు. పొద్దునపూట ఒక రేకుల షెడ్డులో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాడు.

మీ దగ్గర ఆడే పిల్లవాడు ఉన్నట్టుండి కొత్తగా ఆడటం మొదలుపెడితే చప్పట్లు కొట్టకండి. కన్ను, చెవి, భుజం, మోకాలు అన్నీ చూపించండి. ఎదురుగా అక్షరాలు చదివించి ఊరుకోకుండా పక్క చూపు కూడా చూడమని డాక్టరును అడగండి. నవ్వితే నవ్వనీయండి.

ఇక మీ ప్రశ్న. ఒక పక్క కనబడకుండానే తనకు తానుగా ఒక కొత్త ఆట కట్టుకుని, అందరినీ, నన్ను కూడా నమ్మించినవాడు ఓబులేసు. అంత తెలివైన కాళ్లు నేను మళ్లీ చూడలేదు. నడుము తిరిగాక దెబ్బ ఆపడం ఎవరి వల్లా కాదని నేను చెప్పిన మాటను అబద్ధం చేసినవాడు ఈరన్న. దెబ్బ కొట్టడం కంటే దాన్ని అక్కడ ఆపడం చాలా కష్టం. మీ పిల్లల చేత ప్యాడ్స్ మీద ప్రయత్నించి చూడండి, తెలుస్తుంది. టెక్నిక్ మాటకొస్తే నా ఓటు ఈరన్నకే. ఇన్నాళ్లూ ఈ జవాబు బయటపెట్టలేదు. ఓబులేసుకు తెలియనియ్యనని ఈరన్నకు మాట ఇచ్చాను కాబట్టి.

ఈ మధ్య ఓబులేసు వచ్చాడు

పోయిన నెల ఓబులేసు మా ఇంటికి వచ్చాడు. వాడి దగ్గర నేర్చుకునే పిల్లలు ఎక్కడో పాత ఫైనల్ వీడియో పట్టుకుని, ఈరన్న కుడి చెయ్యి ఎందుకు వేయలేదని అడిగారట. ఏం చెప్పావని అడిగాను.

"నిజమే చెప్పినా సార్. ఆపినాడు అని."

"నీకెట్ల తెలుసు?"

"ఆ పొద్దే తెలుసు. గ్లవ్ తగల్యా గానీ గాలి తగిలినాది సార్. ఈడ." ఎడమ కణత తాకి చూపించాడు. "రెండోతూరి గూడా తగిలినాది. అంత గాలి వచ్చినాదంటే ఎంత దెబ్బో నాకు తెలియదా? ఇది వీడు కాబట్టి ఆపినాడు, ఇంకొకడు ఆపడు అనిపించినాది. రింగు దిగేటప్పుడే అనుకున్నా, ఇంక చాలు అని. నాయనకు ఎట్ల చెప్పల్లో తెలియక ఊరుకున్నా. అంతలో మీరొస్తిరి."

"అట్లయితే ఆ పొద్దు మీ ఇంట్లో నేను అరిచిందంతా?"

"పాపం సార్ ఎందుకింత గొంతు చించుకుంటాండాడు అనుకున్నా. నీళ్లు తెచ్చిద్దామనుకున్నా. మీరు ఆపితే కదా!"

వంటింట్లో మా ఆవిడ నవ్వు వినబడింది. ఇన్నేళ్లు చెప్పుకున్న గర్వమంతా ఒక్క మాటతో పోయింది. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఎన్నో ఏళ్లుగా మోస్తున్నది ఏదో దిగిపోయినట్టయింది.

"ఈరన్నకు చెప్పినావా, నీకు తెలుసని?"

"లేదు సార్. ఎట్ల చెప్పల్ల? నాకు తెలియదనే అనుకుంటాండాడు వాడు. ఇన్నేండ్లాయె, యాడ కనపడినా చుట్టు తిరిగి వచ్చి కుడిపక్క నుంచే భుజం మీద చెయ్యేస్తాడు. ఎడమపక్క నుంచి ఒక్కతూరి గూడా పిలవడు." చెప్పులేసుకుంటూ అన్నాడు, "మీరు ఏదో రాస్తాండారంట కదా. ఇది గూడా రాయండి సార్. నా నోటితో చెప్పలేను. వాడే చదువుకుంటాడు."

అందుకని రాశాను. ఇది చదివి ఈరన్న ఏమంటాడో అని ఇప్పుడు కూడా నాకు భయంగానే ఉంది. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.

ఈరన్నా, వానికి ఆ పొద్దే తెలుసంటప్పా. ఈసారి కలిసినప్పుడు చుట్టు తిరిగి పోవద్దు. ఎడమపక్క నుంచే పిలువు.